చెప్పుల కాపలా: ఆరుబయట పాఠాల మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ పని తెలంగాణలోని ఒక గ్రామీణ మండలంలో, ఒక స్కూల్ కాంప్లెక్స్ పరిధిలో, జూన్ నుంచి మార్చి వరకు జరిగింది. ఊరి పేరు, బడి పేరు చెప్పను. పిల్లల్నీ టీచర్లనీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. కాంప్లెక్స్ కింద 6 ప్రాథమిక పాఠశాలలు, 13 మంది టీచర్లు. రోజూ చెప్పే పాఠాల్లో కొన్నింటిని గది బయట చెప్పాలి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు కూడా అందులో అందరిలా పాల్గొనాలి. టీచర్లను అందుకు తయారుచేయడం నాకు అప్పగించిన పని.

ఇక్కడ రాసేది అందులో ఒక్క బడి గురించి. ఇద్దరు టీచర్లు, అయిదు తరగతులు, 41 మంది పిల్లలు. హెడ్మాస్టర్ 1, 2 తరగతులు చూస్తారు, టీచరమ్మ 3, 4, 5 చూస్తారు. ఆయన మీటింగుకు వెళ్ళిన రోజు మొత్తం బడి ఆమె చేతిలోనే. ఆవరణలో ఒక వేప, రెండు కానుగ చెట్లు, ఒక బోరింగు, వంట షెడ్డు. వరండాకు ర్యాంపు ఉంది. దాని వాలు నేనే టేపుతో కొలిచాను. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్న లెక్క సరిగ్గా పాటించారు. కానీ ర్యాంపు దిగగానే ఇసుక. కట్టినవాళ్ళు పిల్లవాడు వరండా ఎక్కడం గురించి ఆలోచించారు గాని, దిగి ఎక్కడికైనా వెళ్తాడని అనుకోలేదు.

ముగ్గురు పిల్లల గురించి చెప్పాలి. నాలుగో తరగతి అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ. వాణ్ణి ఇక్కడ చిన్నా అని పిలుస్తాను, అసలు పేరు అది కాదు. కాళ్ళు సహకరించవు, కుడిచెయ్యి బాగానే పనిచేస్తుంది, మాట ఆలస్యంగా, ముద్దగా వస్తుంది. లెక్కల్లో క్లాసులో ముందుంటాడు. క్యాంపులో ఇచ్చిన చక్రాల కుర్చీ పెద్దవాళ్ళ సైజుది, వాడు అందులో మునిగిపోయి కనిపిస్తాడు. మూడో తరగతి పాపకు అల్బినిజం (చర్మానికి, కళ్ళకు పుట్టుకతోనే రంగు తక్కువగా ఉండటం) వల్ల చూపు తక్కువ, వెలుతురు పడితే కళ్ళు తెరవలేదు. రెండో తరగతి బాబు చప్పుడు వింటే చెవులు మూసుకుంటాడు, పిలిస్తే తిరిగి చూడడు, గేటు తెరిచి ఉంటే పరుగు తీస్తాడు. చిన్నాకు, పాపకు సదరం సర్టిఫికెట్లు, అంటే వైకల్యాన్ని ధ్రువీకరించే పత్రాలు, ఉన్నాయి. బాబుకు ఏదీ లేదు, వాళ్ళ నాన్న ‘మావాడు కొంచెం మొండి’ అంటాడు.

జూలైలో ఇచ్చిన శిక్షణ

మొదట అందరూ చేసే పనే చేశాను. కాంప్లెక్స్ హైస్కూల్లో రెండు రోజుల వర్క్‌షాప్. పొద్దున హాల్లో ఉపన్యాసం, మధ్యాహ్నం గ్రౌండ్‌లో కృత్యాలు. ఆకుల వేట పెట్టాను: పది నిమిషాల్లో అయిదు రకాల ఆకులు తేవాలి. టీచర్లు పిల్లల్లా పరిగెత్తారు, కేరింతలు కొట్టారు. రెండో రోజు కళ్ళకు గంతలు కట్టి, చెట్టు బెరడు తడిమి ఏ చెట్టో చెప్పమన్నాను. చూపులేని పిల్లల అనుభవం ఏమిటో వాళ్ళకు అర్థమవుతుందని అప్పటి నా ఆలోచన. గంతలు విప్పాక ఒక సార్ అన్న మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను: “పాపం మేడం, ఈ పిల్లలు ఎట్ల బతుకుతరో.” అప్పుడు దాన్ని సానుభూతిగా తీసుకున్నాను. ఆయనకు మిగిలింది భయం, జాలి మాత్రమేనని, పాఠం ఎలా మార్చాలన్నది ఏమీ అందలేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. గంతలు కట్టుకున్న పెద్దమనిషికి తెలిసేది చూపు పోయిన మొదటి అయిదు నిమిషాల గాభరా. పుట్టినప్పటి నుంచి తక్కువ చూపుతో మసలుతున్న పాపకు ఏమి చేతనవునో దానివల్ల తెలియదు. ఆ కృత్యం మళ్ళీ చేయించలేదు.

ఫీడ్‌బ్యాక్ ఫారాలన్నింటిలో ‘చాలా బాగుంది’ అని ఉంది. ఒక హెడ్మాస్టర్ మాత్రం టీ దగ్గర, “కొత్త విధానంలో ఏడాదికి 50 గంటల ట్రైనింగ్ అన్నరు గదా, ఇది అందులో లెక్కకొస్తదా?” అని అడిగారు. జాతీయ విద్యా విధానం 2020లో ఉన్న మాటే అది. ఆ రెండు రోజుల్లో నేను విన్న నిజాయితీగల ప్రశ్న అదొక్కటే అనిపిస్తుంది.

సమస్య కనబడిన రోజు

ఆగస్టులో బడులు తిరిగాను. 13 మందిలో ముగ్గురే పిల్లల్ని బయటికి తీసుకెళ్ళారు, అదీ ఒక్కసారి, వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టడానికి సరిపడా. ఈ బడి టీచరమ్మ మాత్రం వారం వారం చేస్తున్నారు. నేను వెళ్ళిన రోజు హెడ్మాస్టర్ మీటింగులో ఉన్నారు. ఆమె విజిల్ ఊదారు, 38 మంది పిల్లలు వరండాలో చెప్పులు విడిచి ఆకుల కోసం పరుగెత్తారు. (బడిలో చెప్పులతో మట్టి తొక్కకూడదన్నది ఆ ఊరి నియమం. ఎందుకో ఎవరూ చెప్పలేదు.)

చిన్నా కుర్చీ వరండా చివర ఉంది. చుట్టూ జతలు జతలుగా చెప్పులు. “నువ్వు చెప్పులు చూస్తుండు నాన్నా, కుక్కలు ఎత్తుకుపోతయి” అని టీచరమ్మ వాడికి ఒక పని ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు, వాడికీ ఏదో బాధ్యత ఉండాలని. పాప గోడ నీడలో తలవంచుకుని నిలబడింది. బాబు విజిల్ మోగగానే గేటు వైపు పరుగు తీశాడు, వంట చేసే అమ్మ వెళ్ళి పట్టుకొచ్చింది.

పది నిమిషాలకు ఆకులు వచ్చాయి. ఒక పిల్ల కొన్ని తెచ్చి చిన్నా ఒళ్ళో పోసింది. వాడు వాటిని కింద పడేశాడు. కోపంతోనో, చెయ్యి జారో తెలియలేదు, నేను అడగలేదు.

తర్వాత టీచరమ్మ నన్ను అడిగారు: “మీరు నేర్పినట్టే చేశాను కదా మేడం?” నేర్పినట్టే చేశారు. అక్కడే నాకు దెబ్బ తగిలింది. తప్పు ఆమెది కాదు, నా ఆకుల వేటది. పరుగెత్తాలి, దూరం పోవాలి, టైం లోపల తిరిగి రావాలి, రంగులు చూసి తేడా పట్టాలి, విజిల్‌కు స్పందించాలి. ఆ ముగ్గురికీ ఏవి కుదరవో సరిగ్గా అవన్నీ కలిపి ఒక కృత్యం తయారుచేసి, పైన ‘సమ్మిళిత విద్య’ అని పేరు పెట్టాను.

వెంటనే చేసిన సవరణలు, ఒక ప్రమాదం

అప్పుడు నా ముందు రెండు దారులు ఉన్నాయి. కృత్యం మార్చడం ఒకటి, కృత్యం అలాగే ఉంచి ఈ ముగ్గురికి సాయం కలపడం రెండోది. నేను రెండోది ఎంచుకున్నాను. టీచరమ్మకు ఆ కృత్యం అలవాటైంది, ఆమె ఉత్సాహం చెడగొట్టడం ఇష్టంలేకపోయింది. ఇప్పుడు చూస్తే అది మొహమాటమే గాని వేరే కారణం కాదు.

ఆ ముగ్గురికీ తోడు పెట్టాం. చిన్నాకు అయిదో తరగతి నుంచి ఇద్దరు బలమైన అబ్బాయిలు. వాళ్ళు వాడి కుర్చీని ర్యాంపు దించి ఇసుకలోకి తోశారు. ముందున్న చిన్న చక్రాలు కూరుకుపోయాయి, వెనక నుంచి తోపు ఆగలేదు, కుర్చీ ముందుకు ఒరిగింది. చిన్నా గడ్డం గీసుకుపోయింది. మెత్తటి నేల మీద కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు వెళ్ళేలా లాగాలని నాకు తెలుసు. పిల్లలకు చెప్పలేదు.

పాపకు తోడు పెట్టిన పిల్ల అన్నీ తనే చూసి తనే చెప్పేసేది. సాయమని మేం పెట్టింది పాప నోరు మూయించింది.

ఇంకో సవరణ కాగితం మీద. ఒక్కో పాఠానికి నాలుగు పేజీల ప్రణాళికా ఫారం తయారుచేశాను. కాంప్లెక్స్‌లో చాలామంది అది చక్కగా నింపారు, పిల్లల్ని బయటికి మాత్రం తీసుకెళ్ళలేదు. దాని గురించి అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

ప్రమాదం తర్వాత హెడ్మాస్టర్ రెండు వారాలు బయటి పాఠాలు ఆపేశారు. “ఏమన్న అయితే నేను జవాబు చెప్పాలె మేడం, మీరు వచ్చిపోతరు” అన్నారు. న్యాయమైన మాట. నేను వాదించలేదు.

నాయనమ్మ చెప్పింది

గడ్డం దెబ్బ సంగతి అడగడానికి చిన్నా నాయనమ్మ బడికి వచ్చింది. తిడుతుందని నేనూ హెడ్మాస్టరూ కొంచెం టెన్షన్‌గానే కూర్చున్నాం. దెబ్బ గురించి ఆమె ఎక్కువ మాట్లాడలేదు. ఇంటి దగ్గర వాడు బయట ఏం చేస్తాడని ఊరికే అడిగాను.

“ఇంటికాడ వాడు కుర్చీల కూసోడు మేడం. గోనెసంచి పరిచి యాపచెట్టుకు ఆనిచ్చి కూసోబెడ్తం. పొద్దుందాక చీమల్ని చూస్తడు. మీరేమో వాణ్ణి ఎత్తుల కూసోబెట్టి, నేల మీదున్నయి చూడుమంటరు. ఆడికెల్లి చీమ కనబడ్తదా?”

పదేళ్ళ ట్రైనింగుల్లో నాకు తట్టనిది అది. మేము ఆలోచించిందంతా వాణ్ణి పాఠం దగ్గరికి ఎలా తీసుకెళ్ళాలా అని. పాఠాన్నే వాడు కూర్చోగలిగిన చోటికి తెస్తే మిగతా 40 మందికి వచ్చే నష్టమేమీ లేదు. పిల్లలంతా నేల మీదే కూర్చుంటారు, నేల మీదివే చూస్తారు.

అయితే నాయనమ్మ మాట మీదే వెంటనే దిగలేదు. మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వచ్చే ఫిజియోథెరపిస్టును అడిగాం. వెన్ను ఆనించి, మోకాళ్ళ కింద చుట్టిన దుప్పటి పెట్టి, 20 నిమిషాలకు మించకుండా కూర్చోబెట్టమని చెప్పారు. ఆ 20 నిమిషాలే తర్వాత మా పాఠం నిడివి అయింది. ఒక పిల్లవాడి నడుము కోసం పెట్టుకున్న హద్దు టీచరమ్మకు సిలబస్ టెన్షన్ కూడా తగ్గించింది, పీరియడ్‌లో సగమే బయట కాబట్టి.

వంట షెడ్డు కట్టగా మిగిలిన షాబాద్ బండలు వెనక పడి ఉన్నాయి. హెడ్మాస్టర్ ఇద్దరు మనుషుల్ని పెట్టి ర్యాంపు చివర నుంచి దగ్గరి కానుగ చెట్టు దాకా వాటిని పరిపించారు. పన్నెండు అడుగులు వేస్తే చెట్టు కిందికి చేరతాం.

తాడు

ఆకుల వేట తీసేసి దాని బదులు తాడు పెట్టాం. కొబ్బరితాడు ముక్కను ముడివేసి నేల మీద గుండ్రంగా పరుస్తారు. ఒక్కో తాడు చుట్టూ నలుగురు. ఆ చుట్టు లోపల ఏమున్నాయో 15 నిమిషాలు చూడాలి, ముట్టాలి, వినాలి, లెక్కపెట్టాలి. ఎవరూ లేవరు. లెక్క చెప్పేవారు, తడిమి చెప్పేవారు, రాసేవారు, చివర క్లాసుకు వినిపించేవారు. పాత్రలు చీటీలు తీసి పంచుతారు, కాబట్టి ‘వీడికి ఇది చాల్లే’ అని టీచర్ నిర్ణయించే అవకాశం లేదు.

మొదటి రోజు చిన్నాకు వినిపించే పాత్ర పడింది. టీచరమ్మ నా వైపు చూశారు, చీటీ మార్చనా అన్నట్టు. వద్దని తల ఊపాను. వాడి గుంపుకు దొరికింది కానుగ మొదట్లో చీమల బారు. వాడు మొదలుపెట్టాడు: “చీమలు... ఎక్కేటివి... ఒక దిక్కు...” ఆమె ఆగలేకపోయారు. “ఆఁ, చీమలు చెట్టెక్కుతున్నాయి, వెరీ గుడ్” అని ముగించేశారు. వాడు నోరు మూసుకున్నాడు.

ఆ సాయంత్రం మేమిద్దరం టీ తాగుతూ మాట్లాడుకున్నది ఆ ఒక్క నిమిషం గురించే. ఆమెది వాణ్ణి ఇబ్బంది పెట్టకూడదన్న తాపత్రయం. మరి వాడు అసలు ఏం చెప్పబోయాడో ఇద్దరికీ తెలియదు. మరుసటిసారికి ఒక చిన్న ఉపాయం అనుకున్నాం: చిన్నా మాట్లాడుతున్నప్పుడు ఆమె చేతులు వెనక్కి కట్టుకుని వేళ్ళ మీద పది లెక్కపెట్టాలి, పది అయ్యేదాకా నోరు తెరవకూడదు. తర్వాతి వారం ఆమె ఏడు దాకా వెళ్ళారు. వాడు చెప్పింది ఇది: ఎక్కే చీమలు ఖాళీగా పోతున్నాయి, దిగేవాటి పొట్ట లావుగా ఉంది. చెట్టు మీద వాటికి తాగడానికి ఏదో దొరుకుతోందని వాడే తేల్చాడు. ఒక అబ్బాయి చెట్టెక్కి లేత కొమ్మ మీద తెల్లటి పురుగుల గుంపును, వాటి చుట్టూ మూగిన చీమల్ని చూసి వచ్చి చెప్పాడు. ఆ రోజు పాఠం పుస్తకంలో ఉన్నదానికంటే ఒక పేజీ ముందుకు పోయింది.

పాపకు చేసిన మార్పులు చాలా చిన్నవి. మొదటి పీరియడే బయటికి, ఎండకు వీపు పెట్టి కూర్చోవడం, అంచు వెడల్పున్న టోపీ, పొడుగు చేతుల చొక్కా. పురుగుల్ని మట్టి మీద కాకుండా తెల్లగుడ్డ మీద పెట్టి చూడటం. తడిమి చెప్పే పాత్ర పడిన రోజు ఆ పిల్ల గడ్డిచామంతి ఆకును గరుకును బట్టి చెప్పేసింది. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని ప్రయత్నిస్తే ఇద్దరికే కుదిరింది. గంతలు కట్టించి నేను టీచర్లకు చెప్పాలనుకున్నది ఇలా తిరగబడి బయటపడింది.

బాబు సంగతి తేల్చింది వంట చేసే అమ్మ. “ఆ పిల్లగాడు ఊరికె ఉరకడు సార్, సీటీ ఊదితేనే ఉరుకుతడు” అంది. అంతే, విజిల్ మానేశాం. పాత క్యాలెండర్ వెనక నాలుగు బొమ్మలు గీశాం: చెప్పులు, చెట్టు, తాడు, మళ్ళీ క్లాసు. బయటికి వెళ్ళేముందు బాబుకు అవి వరుసగా చూపిస్తారు, తాళ్ళ కట్ట మోసే పని వాడిదే. సదరం లేకుండా వాణ్ణి ప్రత్యేక అవసరాల లెక్కలో ఎలా చూపించాలని హెడ్మాస్టర్ అడిగారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో చెప్పిన 21 రకాల్లో వాడిది ఏదో తేలాలంటే డాక్టర్లు చూడాలి, వాళ్ళ నాన్నను ఒప్పించాలి, దానికి నెలలు పడుతుంది. విజిల్ ఊదకపోవడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు కదా అన్నాను.

పాఠ్యపుస్తకం విషయంలో ఒక్కటే నిర్ణయం. కొత్తగా ఏ కృత్యమూ చేర్చలేదు. పరిసరాల విజ్ఞానం, లెక్కల పుస్తకాల్లో ‘చూడండి’, ‘కొలవండి’, ‘సేకరించండి’ అని ఉన్నచోట్ల పెన్సిల్‌తో గీత పెట్టమన్నాను. అవే బయటి పాఠాలు. ఆ పేజీలు ఎలాగూ చెప్పాల్సినవే.

దసరా సెలవుల ముందు నన్ను అడక్కుండానే టీచరమ్మ బతుకమ్మతో లెక్కల పాఠం చెప్పారు. గునుగు, తంగేడు, బంతి, ఒక్కో వరుసకు ఎన్ని పూలు పడుతున్నాయి, పైకి పోతున్నకొద్దీ ఎన్ని తగ్గుతున్నాయి. చిన్నా కానుగకు ఆనుకుని లెక్క చెబుతుంటే మిగతావాళ్ళు పేర్చారు. నేను ఫోటోలో మాత్రమే చూశాను. అందులో బతుకమ్మ ఒక పక్కకు ఒరిగి ఉంది, లెక్క మాత్రం సరిగ్గా ఉంది.

మోకాళ్ళు

డిసెంబర్ కాంప్లెక్స్ మీటింగులో నేను మాట్లాడలేదు. టీచరమ్మ తాళ్ళు తెచ్చి 12 మంది టీచర్లను నేల మీద కూర్చోమన్నారు. రిటైర్మెంటుకు దగ్గరున్న ఒక సార్‌కు మోకాళ్ళ నొప్పులు. ఆయన నిలబడే ఉండి, “మీరు చేయండమ్మా, నేను చూస్త” అన్నారు. ఆమె ఒక నిమిషం ఆలోచించి, ఆయన గుంపు తాడును తీసుకెళ్ళి చెట్టు చుట్టూ కట్టిన అరుగు మీద పరిచారు. ఆయన అరుగు అంచున కూర్చున్నారు, మిగతా ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు. పావుగంట తర్వాత ఆయనే చెప్పారు: “నేను చూస్త అన్నప్పుడు నిజానికి నాకు చిన్నతనమైంది. మా బళ్ళె ఒక పిల్ల ఉంది, రోజూ అదే మాట అంటది. నేను సరే అంటున్న.”

జూలైలో గంతలు చేయని పని ఆ మోకాళ్ళు చేశాయి. నేను అంతవరకు ఇంకొకరి లోటును టీచర్లకు నటించి చూపించాలనుకున్నాను. వాళ్ళ ఒంట్లో, వాళ్ళ వయసులో ఉన్నదాన్నే మొదలుగా తీసుకోవచ్చని ఆలోచించలేదు.

ఆ తర్వాత శిక్షణ పద్ధతి మార్చాం. హాలు వద్దు. మొదటి పాఠం నేను చెబుతాను, టీచర్ ఒక్క పిల్లను మాత్రమే గమనిస్తారు. రెండోది ఇద్దరం కలిసి. మూడోది టీచర్ చెబుతారు, ఒక్క పిల్లను నేను గమనిస్తాను. తర్వాత 20 నిమిషాలు టీ. నాలుగు పేజీల ఫారం పోయి అర పేజీ కాగితం వచ్చింది: ఎంత దూరం, పెద్దవాళ్ళు ఎవరున్నారు, మందుల పెట్టె ఎక్కడుంది, ఎవరికి ఫోన్ చేయాలి. ఆ కాగితం మీద సంతకం పెట్టాక హెడ్మాస్టర్ అభ్యంతరం చెప్పలేదు. ఇది నెమ్మదైన పని. మార్చి నాటికి 13 మందిలో ఏడుగురితోనే పూర్తిచేయగలిగాను, అందులో అయిదుగురు నేను లేనప్పుడూ కొనసాగిస్తున్నారు. మిగతా ఇద్దరి గురించి నా దగ్గర జవాబు లేదు.

తేలనిది

మళ్ళీ చేస్తే మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది నాకు ఫిబ్రవరిలో తెలిసింది. ఎండలు ముదురుతున్నాయి, పిల్లలంతా సీసాలు తెచ్చుకుని బయట నీళ్ళు తాగుతున్నారు. చిన్నా సీసా నిండుగానే ఇంటికి పోతోందని నాయనమ్మ చెప్పింది. బడి టాయిలెట్ తలుపు ఇరుకు, కుర్చీ పట్టదు. ఎత్తుకుని తీసుకెళ్ళమని అడగడం వాడికి ఇష్టం లేదు. అందుకని పొద్దున బయల్దేరినప్పటి నుంచి మళ్ళీ ఇల్లు చేరేదాకా నీళ్ళు ముట్టడు. ఏడాది పొడవునా అలాగే ఉన్నాడు, మేము వాణ్ణి చెట్టు కింద కూర్చోబెట్టి సంతోషపడుతున్నప్పుడు కూడా.

బయటి పాఠాలను వెంటనే పొద్దున మొదటి 20 నిమిషాలకే పరిమితం చేశాం. హెడ్మాస్టర్ మేస్త్రీని పిలిపించి తలుపు కొలిపించారు. గోడ ఒక పక్క కొట్టి తలుపు వెడల్పు చేయాలి, లోపల పట్టుకోవడానికి రాడ్డు పెట్టాలి. ఒంటిపూట బడులు మొదలయ్యేనాటికి గోడ కొట్టారు, తలుపు రాలేదు. ప్రస్తుతానికి పరదా కట్టారు. నేను చివరిసారి వెళ్ళిన రోజు చిన్నా సీసాలో నీళ్ళు సగానికి తగ్గి ఉన్నాయి.